ఊబెదా, బయేసా, కాసోర్లా: నాలుగు రోజుల్లో ఎన్ని ఊళ్లు చూడవచ్చు?

ప్రశ్న – తార్నాక నుంచి

నేనూ మా ఆవిడా నవంబరు మొదటి వారంలో స్పెయిన్ వెళ్తున్నాము. మాడ్రిడ్‌లో దిగి, చివరికి గ్రనాదా చూసుకుని తిరిగి రావాలని ఏర్పాటు. నడుమ నాలుగు రోజులు ఖాళీ ఉన్నాయి. అండలూసియాలో ఆలివ్ తోటలకు పేరుపడ్డ హాయెన్ ప్రాంతంలో ఊబెదా, బయేసా, కాసోర్లా, బాన్యోస్ దె లా ఎన్సీనా అనే నాలుగు పాత ఊళ్లను రోజుకొకటి చొప్పున చూడాలని రాసి పెట్టుకున్నాను. మేము కారు నడపము. ఇద్దరమూ శాకాహారులము. ఆవిడకు మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి ఎత్తులు ఎక్కడం కష్టం. ఈ ప్రణాళిక కుదురుతుందా? ఎక్కడ మకాం పెడితే మంచిది?

జవాబు – కొండాపూర్ నుంచి

నమస్కారమండీ. రోజుకొక ఊరు అనే ఆలోచనను దయచేసి మానుకోండి. నేను మొదటిసారి అదే పని చేసి, మధ్యాహ్నం మూడింటికి పెట్టె ఈడ్చుకుంటూ ఒక ఊళ్లో దిగితే, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, వీధిలో పిల్లి తప్ప ప్రాణి లేదు. సాయంత్రం అయిదారు గంటలకు తలుపులు తెరిచేసరికి నా తిరుగు బస్సు వేళ అయింది. ఆ ఊళ్లు పొద్దున కొంతసేపు, చీకటి పడ్డాక కొంతసేపు బతుకుతాయి. ఆ రెండు వేళలూ దక్కాలంటే రాత్రి అక్కడే ఉండాలి.

అందువల్ల ఊబెదాలో మూడు రాత్రులు ఉండి, తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని బయేసాకు బస్సులో వెళ్లి వస్తే చాలునని నా అభిప్రాయం. ఈ రెండు ఊళ్లనూ కలిపి 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పదహారో శతాబ్దంలో అయిదవ చార్లెస్ చక్రవర్తికి కార్యదర్శిగా ఉన్న ఫ్రాన్సిస్కో దె లోస్ కోబోస్ సొంత ఊరు ఊబెదా. రాజుగారి కొలువులో సంపాదించిన ధనంతో తన సమాధి కోసం కట్టించుకున్న ఎల్ సాల్వదోర్ ప్రార్థనాలయం, దాని ముందున్న వాస్కెస్ దె మొలీనా చౌక్, చుట్టూ రాతి భవనాలు ఒకేచోట ఉండడం వల్ల ఎక్కువ నడక ఉండదు, నేల కూడా చాలావరకు సమతలమే. ఇక్కడి చాలా కట్టడాల వెనుక ఉన్న వాస్తుశిల్పి ఆంద్రెస్ దె వాందెల్వీరా. మన చార్మినార్ కట్టిన 1591లోనే, కవి, సాధువు అయిన సాన్ హువాన్ దె లా క్రూస్ ఈ ఊళ్లోని మఠంలో కన్నుమూశాడని తెలిసినప్పుడు, ఆ రాళ్ల వయసు నాకు ఒక్కసారిగా అందింది.

మాట దారి తప్పిన వాడిని ‘ఊబెదా కొండల్లోకి వెళ్లిపోయాడు’ అంటారు స్పెయిన్‌లో. నేనూ అక్కడికి పోకముందే అసలు విషయానికి వస్తాను. మీరు వెళ్లే నవంబరులో ఆలివ్ కోత మొదలై ఉంటుంది. హాయెన్ జిల్లా ఒక్కదానిలోనే 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. బయేసా పాత గోడల వెంట నిలబడితే గ్వాదల్‌కివీర్ లోయ అంతా బూడిదరంగు చుక్కల చీరలా కనిపిస్తుంది. మనవాళ్లు చింతకాయలు దులిపినట్టే చెట్ల కింద వలలు పరిచి పొడవాటి కర్రలతో కొడతారు. ఇప్పుడు మాను పట్టుకుని కొన్ని క్షణాలు గజగజ వణికించే యంత్రాలూ వచ్చాయి, కాయలు వడగళ్లలా రాలతాయి. ఒక కాయ కోసి కొరకాలన్న సరదా మాత్రం వద్దు, కుంకుడుకాయ కొరికినట్టే ఉంటుంది. ముందుగా చెప్పి వెళ్తే సందర్శకులను లోపలికి అనుమతించే నూనె మిల్లులు ఉన్నాయి. రంగు చూసి మోసపోకుండా ముదురు నీలం గాజు గిన్నెలో నూనె పోసి, అరచేతుల మధ్య వెచ్చచేసి రుచి చూపిస్తారు. అక్కడ ఎక్కువగా పండే పికువాల్ రకం కొత్త నూనె గొంతు వెనక మిరియంలా మండుతుంది. నాకు దగ్గు వచ్చింది. మిల్లు అతను సంతోషించాడు. దగ్గు వస్తే నూనె మంచిదని లెక్కట.

జవాబు – సైదాబాద్ నుంచి

భోజనం సంగతి నేను చెబుతానండీ. ‘మాంసం లేదు’ అని చెబితే సరిపోదు, ఎందుకంటే అక్కడ పందితొడ ముక్కలనూ, ట్యూనా చేపనూ చాలామంది మాంసం కింద లెక్కించరు. వాటి పేర్లు విడివిడిగా చెప్పాలి. సాల్మొరేహో అనే చల్లని టమాటా చారు పైన ఉడికించిన గుడ్డు, పందిమాంసం తురుము చల్లుతారు, అవి వద్దంటే మానేస్తారు. పిపిర్రానా అనే టమాటా, మిరప సలాడ్‌లో ట్యూనా ఉండవచ్చు. మంతెకాదో అనే బిస్కెట్లలో పందికొవ్వు ఉంటుంది, ఆవిడగారికి ముందే చెప్పండి. తేనెపాకం వేసిన వంకాయ వేపుడు, పైన ఎర్ర మిరపపొడి అద్దిన ఓచియో రొట్టె, పొద్దున టమాటా గుజ్జూ ఆలివ్ నూనే వేసిన కాల్చిన రొట్టె మాకు బాగా సరిపోయాయి. మేము వెంట తీసుకెళ్లిన గోంగూర పచ్చడికి ఆ రొట్టె ఎంత తోడయిందో చెప్పలేను. రాత్రి భోజనం చాలాచోట్ల ఆలస్యంగా మొదలవుతుందని గుర్తుంచుకోండి.

జవాబు – మల్కాజిగిరి నుంచి

కొండాపూర్ వారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. మకాం బయేసాలో పెట్టండి. ఊరు చిన్నది, రాత్రి పది దాటాక సింహాల ఫౌంటెన్ దగ్గర నీళ్ల చప్పుడు తప్ప మరేమీ వినబడదు. 1912లో భార్యను పోగొట్టుకున్న కవి ఆంతోనియో మచాదో, 1919 వరకు ఇక్కడే ఫ్రెంచ్ పాఠాలు చెప్పాడు. ఆయన తరగతి గది పాత విశ్వవిద్యాలయ భవనంలో ఇంకా ఉంది.

ఇక కాసోర్లా అందమైనదే గానీ, వీధులన్నీ మెట్లూ ఎత్తులూ, బస్సులు తక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి నేను సూచించను. మాడ్రిడ్ నుంచి రైలులో వచ్చేటప్పుడు లినారెస్-బయేసా స్టేషన్ పేరు చూసి పొరబడకండి, అది బయేసా ఊళ్లో లేదు. దిగాక మరో బస్సో టాక్సీయో చూసుకోవాలి. గ్రనాదా వెళ్లడానికి బస్సే సులువు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. కాసోర్లా, బాన్యోస్ రెండూ కొట్టేశాను. బయేసాలో రెండు రాత్రులు, ఊబెదాలో రెండు రాత్రులు అని ఆవిడే తేల్చింది. ఒక్క సందేహం: ఆలివ్ నూనెను విమానంలో తేవచ్చునా?

జవాబు – కొండాపూర్ నుంచి

చేతిసంచిలో వద్దు, భద్రతా తనిఖీలో తీసేస్తారు. సీసాలో కాకుండా రేకు డబ్బాలో కొని, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో పాత బట్టల మధ్య పెట్టండి. మంచి చీరలున్న పెట్టెలో మాత్రం పెట్టకండి. ఇది మా ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేసే విషయం.