కానుక సంచీలో ఖాళీ కవరు వేశాను. దేవుడు చూసుకుంటాడన్న నమ్మకం పోయినట్టేనా?

సింగ్‌నగర్ సోదరి (విజయవాడ):
అందరికీ వందనాలు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా ఆయన టైలరింగ్ షాపు మునిగిపోయింది. మూడు మిషన్ల మోటార్లు పోయాయి. కుట్టడానికి ఇచ్చినవాళ్ల బట్టలు బురదపాలైతే వాళ్లకీ మేమే డబ్బులు కట్టిచ్చాం. ఇంటికి గవర్నమెంటు ఇచ్చిన 25 వేలు మంచాలకీ, స్టవ్‌కీ, బియ్యానికే సరిపోయాయి. నా గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది, వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాం అంతే. డ్వాక్రా వాయిదా దగ్గరపడితే రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టదు.

అప్పు కన్నా నన్ను ఎక్కువ కోస్తున్నది ఇంకొకటుంది. పోయిన ఆదివారం చర్చిలో కానుక సంచీ మా వరుసకి వచ్చినప్పుడు ఖాళీ కవరు వేశాను. పక్కవాళ్లు చూస్తారని. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. స్త్రీల కూటంలో ఎవరడిగినా "బాగానే ఉన్నాం" అంటున్నాను. ప్రార్థన మానలేదు. కానీ నిజంగా నమ్ముతున్నానో లేదో నాకే తెలియడం లేదు. ఇలాంటి రోజులు దాటినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఒక బ్రదర్:
సిస్టర్, మలాకీ 3:10 చదవండి. దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు ఇవ్వడం ఆపితే ఆశీర్వాదం ఆగుతుంది. అప్పు చేసైనా ఇవ్వండి, దేవుడు తిరిగి ఇస్తాడు.

గుంటూరు అక్క:
బ్రదర్, ఆ మాట ఒప్పుకోను. 2 కొరింథీ 8:12లో పౌలు ఉన్నదాన్ని బట్టే అన్నాడు, లేనిదాన్ని బట్టి కాదు. అప్పులో ఉన్న ఇల్లాలికి ఇంకో అప్పు చేయమని చెప్పకండి.

చెల్లీ, మా ఆయన మంచాన పడ్డ ఏడాది నేను మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లాను. సాయంత్రం కూలి చేతికొస్తే దారిలోనే కిలో బియ్యం కొనేదాన్ని. రాత్రి చేతుల మంటకి చంటిదాన్ని ఎత్తుకోలేకపోయేదాన్ని, మా అత్తగారు ఎత్తుకునేది. రెండు పూటలు పస్తున్నాం, అబద్ధం చెప్పను. నిర్గమకాండం 16లో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, ఆ మన్నా మిగిల్చి దాచుకుంటే పురుగు పట్టింది కదా, అది నాకు అప్పుడే అర్థమైంది. ఏ రోజుది ఆ రోజుకే వచ్చింది.

నువ్వు 2 రాజులు 4 ఇంకోసారి చదువు. ఆ విధవరాలి దగ్గరున్న కొంచెం నూనె పాత్రలన్నీ నిండేలా పొంగిందని అందరం చెప్పుకుంటాం. అంతకుముందు ఏం జరిగింది? అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ప్రవక్త ముందు "నీ ఇంట్లో ఏముంది" అని అడిగాడు. తర్వాత ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, అవీ చాలా. అంటే ఆమె ఎన్ని గుమ్మాల ముందు నిలబడి ఉంటుంది! ఇన్ని గిన్నెలు ఎందుకమ్మా అని ఎవరూ అడగకుండా ఉంటారా? చివరికి కూడా నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు, అప్పు దానంతటది పోలేదు. నువ్వింకా ఒక్క గుమ్మం కూడా ఎక్కలేదు తల్లీ. బాగానే ఉన్నాం అంటుంటే నీకు పాత్ర ఎవరిస్తారు?

బెంజి సర్కిల్ దగ్గర నుంచి:
అక్క చెప్పింది నిజం. వాయిదా రోజు దాకా ఆగకుండా ముందే మీ డ్వాక్రా సంఘం లీడర్‌తో మాట్లాడండి. మీకు ఫాల్, పీకో వచ్చా? మా ఇంట్లో వాళ్లు వస్త్రలతలో చీరల షాపుల నుంచి ఆ పని తెచ్చుకుంటారు. వస్తే చెప్పండి, అడిగిస్తాను.

సింగ్‌నగర్ సోదరి:
అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. బుధవారం కూటంలో చెప్పేశాను, ఖాళీ కవరు సంగతితో సహా. మాట సరిగ్గా రాలేదు. పాస్టరమ్మ గారు ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మా వెనక వీధి ఆంటీ వాళ్ల అమ్మాయి పెళ్లయ్యాక అటక మీద పెట్టేసిన పీకో మిషన్ ఉందట. మర్నాడే ఆటోలో తెచ్చి దింపారు. బెల్టు మార్చి, నూనె వేశాం. నూనె వేస్తుంటే మీ మాటే గుర్తొచ్చింది. నిన్న ఆరు చీరలు చేశాను. బెంజి సర్కిల్ బ్రదర్, పీకో వచ్చు, అడిగించండి.

ఈ ఆదివారం కవరు తీసుకోలేదు. ఇరవై రూపాయల నోటు అలాగే వేశాను. వాయిదాకి ఇంకా 1,400 తక్కువ ఉంది. ప్రార్థన చేయండి.