బీఎస్సీ నర్సింగ్‌తో జర్మనీకి వెళ్లాలా, బ్రిటన్‌కా? శాశ్వత నివాసానికి లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది?

నల్లగొండ స్టాఫ్ నర్సు:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మాది దేవరకొండ వైపు పల్లె. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశాను, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. వయసు 31. మా వారు ఐటీఐ చదివి ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నారు, పాపకు నాలుగేళ్లు.

హైదరాబాదులోని ఒక ఏజెంటు జర్మనీ పంపిస్తామనీ, అక్కడ దిగిన రోజు నుంచి మూడేళ్లు నిండగానే పీఆర్, అంటే శాశ్వత నివాసం, వస్తుందనీ చెబుతూ ఐదు లక్షలు అడుగుతున్నారు. అందులో సగం ముందే కట్టాలట. మా అత్తగారి వాళ్లు బత్తాయి తోటను తాకట్టు పెడదామంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. కొత్త భాష నేర్చుకునే బాధ ఉండదు కాబట్టి బ్రిటన్ మేలని తెలిసినవారు అంటున్నారు. మేము కుటుంబంతో సహా స్థిరపడాలని అనుకుంటున్నాము. కాబట్టి శాశ్వత నివాసానికి ఏ దేశంలో ఎన్నేళ్లు పడుతుంది, ఆ లెక్క ఏ రోజు నుంచి వేస్తారు, మా వారు మొదటి నుంచీ నాతో రావచ్చునా అన్నవి దయచేసి వివరించగలరు.

పాలమూరు సిస్టర్:

చెల్లెమ్మా, నాది మహబూబ్‌నగర్. ప్రస్తుతం జర్మనీలో నర్సుగా పనిచేస్తున్నాను. ఏజెంటు చెప్పిన మూడేళ్ల మాటలో సగమే నిజం. 2023 నవంబరులో అమలులోకి వచ్చిన మార్పుతో నైపుణ్యం గల ఉద్యోగులకు శాశ్వత నివాస అనుమతి నాలుగేళ్లకు బదులు మూడేళ్లకే ఇస్తున్న మాట వాస్తవమే. కానీ ఆ మూడేళ్లను విమానం దిగిన రోజు నుంచి లెక్కించరు.

మన డిగ్రీని అక్కడి రాష్ట్ర అధికారులు తమ నర్సు చదువుతో పోల్చి చూసి, చాలా మందికి ఫలానా అంశాలు తక్కువయ్యాయని ఒక పత్రం ఇస్తారు. దానిని డెఫిసిట్ బెషైడ్ అంటారు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆసుపత్రిలో కొన్ని నెలల శిక్షణ గానీ, కెన్ట్‌నిస్ ప్రూఫుంగ్ అనే పరీక్ష గానీ పూర్తి చేయాలి. పరీక్ష తప్పితే మరొక్కసారి మాత్రమే రాయనిస్తారు. ఈ కాలమంతా మీరు గుర్తింపు పొందడం కోసం ఇచ్చే 16డి అనే అనుమతి మీద, సహాయకురాలి హోదాలో, తక్కువ జీతంతో ఉంటారు. మీ డిగ్రీ అక్కడి నర్సు చదువుకు సమానమన్న గుర్తింపు చేతికి వచ్చి, విదేశీయుల కార్యాలయంలో మీ అనుమతి నైపుణ్యం గల ఉద్యోగులకు ఇచ్చే 18ఏ లేదా 18బీ కిందికి మారిన తరువాతే మూడేళ్ల లెక్క మొదలవుతుంది. కనుక గుర్తింపుకు ఏడాదిన్నర పట్టిన వారికి శాశ్వత నివాసం నాలుగున్నరేళ్ల మాట అవుతుంది. ఏజెంట్లు ఈ ఒక్క విషయం మాత్రం చెప్పరు.

దీనితో పాటు 36 నెలల పింఛను చందా, బీ1 స్థాయి జర్మన్ (భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పెరుగుతూ పోతాయి), కుటుంబానికి సరిపడే ఇల్లు, ఆ దేశపు చట్టాలపై ప్రాథమిక పరిజ్ఞానం చూపాలి. పింఛను చందా లెక్క మాత్రం మొదటి జీతం నుంచే నడుస్తుంది కాబట్టి దాని గురించి దిగులు అక్కర లేదు.

భాష విషయంలో ఒక మాట. శాశ్వత నివాసానికి బీ1 చాలు గానీ, నర్సుగా గుర్తింపు రావాలంటే చాలా రాష్ట్రాలు బీ2 అడుగుతాయి. ప్రాక్టికల్ పరీక్షలో రోగి మంచం పక్కన నిలబడి, రోగితో మాట్లాడుతూనే కట్టు మార్చాలి. ఆ వెంటనే డ్యూటీ మారే నర్సుకు రోగి పరిస్థితిని జర్మన్‌లోనే అప్పగించాలి. చేతిపనిలో మన ఐసీయూ నర్సులు ఎవరికీ తీసిపోరు. తడబడేదల్లా ఆ అప్పగింత దగ్గరే. అందువల్ల బీ2 ఇండియాలోనే, జీతం వస్తుండగానే పూర్తి చేసుకుని వెళ్లడం నా దృష్టిలో అన్నిటికన్నా లాభం. హైదరాబాదులో గోథే సెంట్రమ్ తరగతులూ పరీక్షలూ నిర్వహిస్తుంది.

మీ వారిని తొలిరోజే వెంట తీసుకువెళ్లే ఆలోచన మానుకోవడం మంచిది. సహాయకురాలి జీతంతో ముగ్గురికి సరిపడే ఆదాయాన్నీ, ఇంటినీ చూపించడం కష్టం. గుర్తింపు వచ్చాక పిలిపించుకుంటే పని తేలికవుతుంది, వచ్చిన రోజు నుంచీ ఆయన ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఈలోగా ఆయన కూడా ఏ1 నేర్చుకుంటే అక్కరకు వస్తుంది.

మిర్యాలగూడ నుంచి లీడ్స్:

బ్రిటన్‌కు భాష బాధ లేదన్న మాటను నమ్మకండి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడటం ఒక్కొక్కదానికి 7, రాయడానికి 6.5 అడుగుతుంది. దానికి బదులు ఆరోగ్య సిబ్బంది కోసం పెట్టే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాయవచ్చు. ఆపై సీబీటీ అనే కంప్యూటరు పరీక్షను ఇండియాలోనే, ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్షను బ్రిటన్ చేరాక రాయాలి.

కుటుంబం విషయంలో మాత్రం బ్రిటన్ మెరుగు. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద నర్సుగా వచ్చేవారు భర్తను, పిల్లలను మొదటి నుంచే తెచ్చుకోవచ్చు, భర్త ఉద్యోగం చేసుకోవచ్చు, ఆరోగ్య సర్‌చార్జి కూడా ఉండదు. అయితే నర్సు ఉద్యోగమని చెప్పి కేర్ వర్కర్ (వృద్ధులకు, రోగులకు రోజువారీ పనుల్లో సాయం చేసే) ఉద్యోగం అంటగట్టేవారు ఉన్నారు. కేర్ వర్కర్లకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు 2024 మార్చి 11న పోయింది, విదేశాల నుంచి వారిని కొత్తగా తీసుకోవడమే 2025 జూలై 22న ఆగిపోయింది. కాబట్టి వీసాకు పూచీపడే యజమాని (స్పాన్సరు) ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో ఉద్యోగం పేరు ఏమని ఉందో మీరే చదువుకోవాలి.

శాశ్వత నివాసానికి ఇప్పటివరకు ఐదేళ్లు అనుకుంటూ వచ్చాము. 2025 మేలో ప్రభుత్వం వెలువరించిన శ్వేతపత్రం ఆ సాధారణ గడువును పదేళ్లకు పెంచాలని ప్రతిపాదించింది. అది నర్సులకు ఎలా వర్తిస్తుందో చూసుకోకుండా ఐదేళ్ల లెక్కతో అప్పు చేయవద్దు. స్పాన్సరు లైసెన్సు రద్దయితే సాధారణంగా 60 రోజుల్లో మరొక స్పాన్సరును వెతుక్కోవలసి వస్తుందన్నదీ గుర్తుంచుకోండి.

నాగర్‌కర్నూల్ ప్రవాసి:

అమెరికా పేరు ఎవరైనా ఎత్తితే ఈ ఒక్క విషయం చూసుకోండి. నర్సులను షెడ్యూల్ ఏ అనే కొరత వృత్తుల జాబితా కింద నేరుగా గ్రీన్‌కార్డుకే తీసుకుంటారన్నది నిజమే, కార్మిక శాఖ ధ్రువీకరణ దశ అవసరం లేదు. కానీ వారు నిలబడేది ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు వరుసలోనే. 2025లో భారతీయులకు ఆ వరుస 2013లో దరఖాస్తు చేసిన వారి దగ్గరే ఉంది. ఇప్పుడు చేరితే పాప పెళ్లీడుకు వచ్చినా మీ వంతు రాకపోవచ్చు.

నల్లగొండ స్టాఫ్ నర్సు:

అక్కా, అన్నగార్లూ, చాలా కృతజ్ఞతలు. జర్మనీ వైపే మొగ్గుతున్నాము. ఇంకొక సందేహం. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంది, డిగ్రీలో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టు ఇంకా తీసుకోలేదు. పెళ్లయింది కాబట్టి మా వారి ఇంటిపేరుతో తీసుకోవాలని అందరూ అంటున్నారు. ఏజెంటు ఇచ్చిన ఒప్పందంలో రెండేళ్లలోపు ఉద్యోగం మానేస్తే ఖర్చంతా తిరిగి కట్టాలని కూడా ఉంది.

జడ్చర్ల విశ్రాంత ఉద్యోగి:

అమ్మా, పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఏదీ లేదు. డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఏ పేరుతో ఉన్నాయో అదే పేరుతో పాస్‌పోర్టు తీసుకుని, భర్త పేరును దానికి కేటాయించిన గడిలో రాయించండి. ఇంటిపేరు మార్చితే ట్రాన్‌స్క్రిప్టుల నుంచి అనుభవ పత్రాల వరకు ప్రతి కాగితానికీ సంజాయిషీ ఇచ్చుకుంటూ తిరగవలసి వస్తుంది. పదో తరగతి మెమోలోని ఒక్క అక్షరం గురించి దిగులు పడకండి. అది మన ప్రాంతంలో ఇంటింటా ఉన్నదే, అడిగితే ఆ అక్షరం ఇంటిపేరేనని చెప్పే అఫిడవిట్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఇక రుసుము సంగతి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి చూడండి. నంబరు లేకపోయినా, నంబరు ఉండి ఐదు లక్షలు అడిగినా అక్కడితో మాట ఆపేయడమే. తోట జోలికి వెళ్లకండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను జర్మనీకి పంపుతుంది. హైదరాబాదు మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలోని ఆ కార్యాలయానికి వెళ్లి, ప్రస్తుతం బ్యాచ్ ఉందో లేదో కనుక్కోండి.

పాలమూరు సిస్టర్:

ఒప్పందం గురించి నేను చెబుతాను. జర్మనీలో విదేశీ నర్సులను సక్రమంగా తీసుకునే ఏజెన్సీలకు ప్రభుత్వం ఒక నాణ్యతా ముద్ర ఇస్తుంది. ఆ ముద్ర ఉన్నవారు భాషా శిక్షణ, గుర్తింపు, ప్రయాణం ఖర్చులను నర్సు మీద వేయకూడదు, యజమానే భరించాలి. మీ ఏజెంటుకు ఆ ముద్ర ఉందా అని రాతపూర్వకంగా అడగండి. తిరిగి చెల్లించాలనే షరతు ఉంటే ఏ ఖర్చుకు ఎంత, పనిచేసిన నెలలను బట్టి అది ఎంత తగ్గుతుంది, గుర్తింపు పరీక్ష తప్పినా కట్టాలా అన్న మూడింటికీ ఒప్పందంలో సమాధానం కనిపించాలి. జర్మన్ ప్రతి మీదే సంతకం అడిగితే తెలుగులో కాకపోయినా కనీసం ఇంగ్లీషు ప్రతి ఇచ్చేవరకు ఆగండి. పాస్‌పోర్టు చేతికి రాగానే ఇక్కడ రాయండి, గుర్తింపు దరఖాస్తుకు ఏ కాగితాలు అనువాదం చేయించాలో అప్పుడు వివరంగా చెబుతాను.