ఇంటి పీఠానికి రఫాయెల్ మరియమాత: చేతితో వేసిన నకలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

గుంటూరులో మేము కట్టుకున్న ఇంటికి వచ్చే నెల మా చర్చి విచారణ గురువుల చేత ఆశీర్వాదం చేయించబోతున్నాము. హాలులో పీఠం పెట్టే గోడకు అచ్చు పటం కాకుండా, చేతితో వేయించిన తైలవర్ణ చిత్రం ఉండాలని మా కోరిక. నా మనసు ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ వేసిన మరియమాత చిత్రం సిస్టీన్ మడోన్నా మీద ఉంది. కింద మోచేతులు ఆనించుకుని పైకి చూసే ఇద్దరు చిన్న దేవదూతలతో సహా మూడు అడుగుల ఎత్తున వేసి ఇస్తామని ఆన్‌లైన్‌లో ఒక విక్రేత చెబుతున్నారు. భోజనాల గదికి లియొనార్దో డా విన్చి వేసిన కడరా భోజనం (యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం) కావాలని మా ఆవిడ అంటోంది. అంత కుదిస్తే చిత్రం దెబ్బతింటుందా, నిజంగా చేతితోనే వేశారని ఎలా తెలుసుకోవాలి, మా ఊరి ఉక్కకు అది నిలుస్తుందా అన్నవి నా సందేహాలు. అత్తగారివైపు వారు లూథరన్లు (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్లు) కాబట్టి మరియమాత చిత్రం చూసి ఏమంటారో అన్న బెరుకు కూడా కొంత ఉంది.

మొదటి సమాధానం

సిస్టీన్ మడోన్నా ఇంటి కోసం పుట్టిన చిత్రం కాదండీ. పోపు రెండవ జూలియస్ కోరగా 1512 ప్రాంతంలో ఇటలీలోని ప్యాచెంజా పట్టణంలో సాన్ సిస్తో చర్చి పీఠం కోసం, జనమంతా దూరం నుంచి చూసేలా రఫాయెల్ దానిని వేశాడు. ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న ఆ క్యాన్వాస్ ఎత్తు 265 సెంటీమీటర్లు, వెడల్పు 196. మీరు చెప్పిన మూడు అడుగులంటే అందులో మూడో వంతు మాత్రమే. తల నుంచి పాదాల దాకా నిలబడి ఉన్న మరియమాత ముఖం అప్పుడు అరచేతిలో ఇమిడేంత అవుతుంది. ఆ కళ్లలోని కలవరాన్ని అంత చిన్న చోట పట్టుకోవడం చేయి తిరిగిన చిత్రకారులకు కూడా కష్టమే. చివరికి చక్కగా కనిపించేది ఆ దేవదూతలిద్దరే, అదీ గ్రీటింగ్ కార్డుల వల్ల మన కంటికి అలవాటై ఉండటం చేత.

పునరుజ్జీవన కాలపు ఫ్లోరెన్స్‌లో కలిగినవారి పడకగదుల్లో మరియమాత చిత్రమో, శిల్పమో ఉండటం మామూలు విషయం. అటువంటి ఇళ్లలో దగ్గర నుంచి చూసి ప్రార్థించుకోవడానికి వీలుగా చిత్రకారులు చిన్న చెక్క పలకల మీద వేసినవి చాలానే ఉన్నాయి. నన్నడిగితే వాటిలో నుంచే ఎంచుకోండి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న స్మాల్ కౌపర్ మడోన్నాను రఫాయెల్ 1505 ప్రాంతంలో వేశాడు, కొలత 59.5 సెంటీమీటర్లకు 44. అంటే కుదించే పని లేకుండా అసలు కొలతలోనే వేయించుకోవచ్చు. మరియమాత మోకాళ్ల నుంచి పైకి మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ముఖానికి చోటు బాగా దక్కింది. బాలయేసు తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీదుగా మన వైపు చూస్తుంటాడు. ఆ గ్యాలరీ ఇటువంటి పాత చిత్రాల నాణ్యమైన ఫొటోలను ఉచితంగా దించుకోనిస్తుంది. చిత్రకారుడికి మీరే ఆ ఫొటో పంపండి. లేకపోతే ఎక్కడో దొరికిన పసుపు తేలిన బొమ్మను చూసి, నీలి వస్త్రాన్ని ఆకుపచ్చగా వేసి ఇచ్చే ప్రమాదం ఉంది.

రెండవ సమాధానం

నకళ్లు వేయడం నా వృత్తి కాబట్టి మిగతా రెండు సందేహాలకు నేను చెబుతాను. క్యాన్వాస్ మీద ఫొటో ముద్రించి, దాని పైన పారదర్శకమైన జెల్‌ను కుంచెతో పూసి, చేతి చిత్రమని అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. టార్చి వెలుగును పక్క నుంచి వేసి చూడండి. నిజంగా వేసిన చిత్రంలో కుంచె గీతలు బట్ట మడతల వెంట, చెంప వంపు వెంట తిరుగుతాయి. జెల్ గీతలు మాత్రం కింద ఏముందో పట్టించుకోకుండా అడ్డదిడ్డంగా సాగిపోతాయి. భూతద్దం పెడితే ముద్రణ చుక్కలు కూడా బయటపడతాయి. కొనే ముందయితే రేఖాచిత్రం, మొదటి పూత, సగం పని అయిన దశల ఫొటోలు అడగండి. ముద్రించి అమ్మేవారి దగ్గర అవి ఉండవు.

వచ్చే నెలకు మంచి తైలవర్ణ చిత్రం చేతికి రావడం కష్టం. ఒక్కొక్క పలుచని పూత ఆరాకే తరువాతి పూత వేయాలి. చివరి వార్నిష్‌కు మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగుతాము. తొందరగా కావాలంటే నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు ఉన్నాయి గాని, అవి గబగబా ఆరిపోతాయి కనుక రఫాయెల్ ముఖాల్లో వెలుగు నీడలోకి కలిసిపోయే ఆ మెత్తదనం వాటితో రాబట్టడం చాలా కష్టం. ఆశీర్వాదం మామూలు పటంతో కానిచ్చి, చిత్రాన్ని తీరిగ్గా వేయించుకోండి.

వానకు తడిసే బయటి గోడకు తగిలించవద్దు. ఏ గోడకైనా సరే, ఫ్రేము వెనుక కింది మూలల్లో చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గాలి ఆడి బూజు పట్టకుండా ఉంటుంది. కొవ్వొత్తులను చిత్రానికి సరిగ్గా కిందనే వెలిగించకండి, మసి పేరుకుంటుంది. దుమ్మును మెత్తని పొడి కుంచెతోనే దులపాలి, తడిగుడ్డ అసలు తగలనివ్వకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కౌపర్ మడోన్నా ఫొటో చూశాక మా ఆవిడ కూడా దానికే ఒప్పుకుంది. మరి కడరా భోజనం సంగతి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

లియొనార్దో దానిని మిలాన్‌లోని ఒక మఠం భోజనశాల గోడ మీద, 1495–98 మధ్య, ఆరిన సున్నపు పూత మీద వేశాడు. అందువల్ల ఆయన బతికుండగానే రంగు పెచ్చులూడటం మొదలైంది. 1652లో అక్కడ తలుపు కోసం గోడను తవ్వినప్పుడు ప్రభువు పాదాలు కూడా పోయాయి. 1999లో ముగిసిన పునరుద్ధరణ తరువాత కనిపిస్తున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు వేయిస్తే, చాలా ముఖాలు మసకగా వస్తాయి. లండన్ రాయల్ అకాడమీకి చెందిన పాత నకలు ఒకటి ఉంది. లియొనార్దో అనుచరుడు జాంపియెత్రీనో 1520 ప్రాంతంలో వేసినదని చెబుతారు. అందులో పాదాలు, బల్ల మీది వస్తువులు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి మీ చిత్రకారుడికి దానినే ఆధారంగా ఇవ్వండి. అసలు చిత్రం వెడల్పు ఎత్తుకు దాదాపు రెట్టింపు. గోడ చిన్నదని ఆ నిష్పత్తిని మార్చనివ్వకండి, చివరన కూర్చున్న శిష్యులను కత్తిరించి ఇస్తారు.

మూడవ సమాధానం

మీ అత్తగారి విషయానికి ఒక మాట. మార్టిన్ లూథర్‌కు ఆప్తమిత్రుడైన జర్మన్ చిత్రకారుడు లూకాస్ క్రానాక్ మరియమాత చిత్రాలు ఎన్నో వేశాడు. జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పట్టణ చర్చిలో 1547 నాటి పీఠచిత్రంలో కడరా భోజనపు బల్లను గుండ్రంగా వేసి, దాని చుట్టూ కూర్చున్నవారిలో లూథర్‌ను కూడా చేర్చారు. భోజనాల గదికి దాని నకలు వేయించే ఆలోచన కూడా చేయండి. అత్తగారికి వివరించి చెప్పడానికి అందులో బోలెడంత ఉంది.