దక్షిణాఫ్రికాలో పబ్లిక్ హియరింగ్‌కి (చట్టం చేసేముందు జనం మాట వినే సభకి) వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఎంఏ పేపర్ రాస్తున్నాను, కాస్త సాయం కావాలి. అక్కడి 1996 రాజ్యాంగం ప్రకారం చట్టం చేసే పనిలో జనానికి చోటివ్వాలి, అలా ఇవ్వలేదని 2006లో రాజ్యాంగ న్యాయస్థానం రెండు ఆరోగ్య చట్టాలు చెల్లవంది, ఇంతవరకు బాగానే అర్థమైంది. కానీ మెరాఫాంగ్ అనే మునిసిపాలిటీ సంగతి చూడండి, గౌటెంగ్ ప్రావిన్స్‌లోనే ఉంటామని జనం మొత్తుకున్నా నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో కలిపేశారు, 2008లో కోర్టు కూడా సరేనంది (వినాలట, ఒప్పుకోవాల్సిన పనిలేదట!), గొడవలయ్యాక 2009లో మళ్ళీ గౌటెంగ్‌కే ఇచ్చారు. మరి హియరింగ్‌కి వెళ్ళి ఏం లాభం? మనం చెప్పింది రాసుకుంటారా? ఎందుకు కాదన్నారో తర్వాతైనా చెప్తారా? తీర్పుల్లో ఈ వివరాలు సరిగ్గా దొరకట్లేదు. డర్బన్, జొహానెస్‌బర్గ్ వైపు ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా వెళ్ళుంటే, చిన్న మీటింగ్ అయినా సరే, ఏం జరిగిందో రాయండి ప్లీజ్.