జూన్ కాటా షీటు: తేదీలు తారుమారు, ఖాతా నంబర్లు పాడు. ఎవరైనా చూడండి

ర్యాంపు లెక్కలు, బంగారుపాళ్యం (రాత్రి 8:10)
పొద్దున పదకొండుకు కూర్చున్నాను, ఇంకా లేవలేదు. మా మామిడి ర్యాంపులో (రైతుల దగ్గర కాయ కొనే చోటు) 2025 జూన్ తోతాపురి లెక్క ఇది. రైతుకు ఒక వరుస. పక్కన జూన్ 1 నుంచి 30 దాకా రోజుకో కాలమ్, అందులో కిలోలు. నాకు రైతు, తేదీ, కిలోలు అని కిందికి లిస్టులా కావాలి. ఊరి పేరు మొదటి రైతు దగ్గరే ఉంది, కింద అన్నీ ఖాళీ. తేదీలు కొన్ని గడిలో కుడివైపు, కొన్ని ఎడమవైపు నిలబడ్డాయి. రేటు మేము 8-4 అని రాస్తాం (ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4). అక్కడ ఆగస్టు 4 అని వస్తోంది! ఖాతా నంబర్ల మధ్యలో ఇంగ్లిష్ E అక్షరం, ప్లస్ గుర్తు. రేపు పదింటికి బ్యాంకులో లిస్టు ఇవ్వాలి, రైతులు ఫోన్లు చేస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

కోడ్ రాసే తమ్ముడు (8:14)
పాండాస్‌లో అన్నీ స్ట్రింగ్‌గా చదివి మెల్ట్ చేయండి. రెండు లైన్ల పని.

ర్యాంపు లెక్కలు (8:15)
తమ్ముడూ, నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఎక్సెల్ ఒక్కటే తెలుసు.

ఎరువుల షాపు, ఐరాల (8:19)
మొత్తం కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో ట్రాన్స్‌పోజ్ కొట్టన్నా. అడ్డం నిలువు అయిపోతుంది.

ఆడిటర్ ఆఫీసు, తిరుపతి (8:22)
ట్రాన్స్‌పోజ్ వద్దు. అలా చేస్తే తేదీలు కిందికి వస్తాయి, రైతులు అడ్డంగా పోతారు. పట్టిక అంతే ఉంటుంది, పక్కకు తిరుగుతుంది. మీకు కావాల్సింది అన్‌పివట్. ఒక రైతు పది రోజులు కాయ తోలితే పది వరుసలు రావాలి. ముందు రెండు విషయాలు చెప్పండి. ఎక్సెల్ ఏ సంవత్సరానిది? ఈ ఫైలు మీకు ఎలా వచ్చింది?

ఎరువుల షాపు (8:24)
రెండూ తిప్పడమే కదా సార్. నేను ఏడాదిగా స్టాకు లెక్క అలాగే చేస్తున్నాను.

ఆడిటర్ ఆఫీసు (8:26)
మీ స్టాకు పట్టికకు అది సరిపోతుంది. ఇక్కడ పట్టికను విప్పాలి, తిప్పితే చాలదు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, చిత్తూరు (8:31)
ఊరి పేర్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు, అందుకే రాస్తున్నాను. మీ షీటులో బంగారుపాళ్యం ఎన్ని రకాలుగా ఉందో చూశారా? ఒకరు పాళ్యం అంటారు, ఇంకొకరు పాలెం అంటారు. తవణంపల్లెను తవణంపల్లి చేస్తారు. మన వైపు అది పల్లె. మదనపల్లె, తవణంపల్లె అనే పలికాం, అలాగే రాశాం. పల్లి అని మార్చడం నాకు కష్టంగా ఉంటుంది. కంప్యూటరుకు ఆ ఒక్క గుణింతం తేడా వచ్చినా అది వేరే ఊరే. మొత్తం వేసేటప్పుడు ఒకే ఊరు రెండు చోట్ల వస్తుంది. అందుకని ఒక పక్క షీటులో తప్పు పేరు, సరైన పేరు జంటలుగా రాసుకుని దానితో సరిచేయండి. ఇంకో మాట, అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు కలపకండి. అవి యూనికోడ్ కావు, ఫాంటు తీసేస్తే పిచ్చి అక్షరాలే మిగులుతాయి.

ర్యాంపు లెక్కలు (8:40)
మాస్టారూ, ఊరి పేర్లు తర్వాత చూస్తాను, ముందు ఖాతా నంబర్లు. ఎక్సెల్ 2019. ఫైలు కాటా దగ్గర అబ్బాయి వాట్సాప్‌లో పంపాడు. డబుల్ క్లిక్ చేసి తెరిచాను, మధ్యాహ్నం సేవ్ కూడా చేశాను.

ఆడిటర్ ఆఫీసు (8:43)
ఫైలు పేరు చివర సీఎస్‌వీ అని ఉందా?

ర్యాంపు లెక్కలు (8:44)
అవును. అది చెప్పాలా?

ఆడిటర్ ఆఫీసు (8:52)
అదే అసలు సంగతి మేడమ్. సీఎస్‌వీ అంటే గడుల మధ్య కామాలు పెట్టిన ఉత్త టెక్స్ట్ ఫైలు. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే అంకెలానో తేదీలానో కనిపించే ప్రతి గడిని ఎక్సెల్ అడగకుండానే అంకెగానో తేదీగానో మార్చేస్తుంది. 15 అంకెలు దాటిన నంబరులో 16వ అంకె నుంచి సున్నా చేస్తుంది, ముందున్న సున్నాలు తీసేస్తుంది. సేవ్ చేశారు కాబట్టి తెర మీద కనిపించే ఆ E+ రూపమే ఫైల్లోకి ఎక్కింది. ఆ ఫైల్లోంచి నంబర్లు ఇక వెనక్కి రావు. దాన్ని పక్కన పెట్టేసి, వాట్సాప్‌లోంచి ఫైలు మళ్లీ డౌన్‌లోడ్ చేయండి. తెరవకండి.

రేటు ఆగస్టు 4 అయిందంటే మీ సిస్టమ్ రీజియన్ అమెరికాలో ఉంది. మన పద్ధతిలో ఉంటే 8-4 ఏప్రిల్ 8 అయ్యేది. తేదీలు కూడా 12 వరకు కుడివైపు, 13 నుంచి ఎడమవైపు ఉంటాయి, చూడండి. 05/06 మే 6 అయిపోయింది. 13వ నెల లేదు కాబట్టి 13/06 అక్షరాలుగా మిగిలింది.

ఇప్పుడు ఖాళీ ఎక్సెల్ తెరిచి డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కండి. వచ్చే పెట్టెలో ఫైల్ ఒరిజిన్ 65001 (యూనికోడ్) పెట్టండి, లేకపోతే తెలుగు చెడుతుంది. డేటా టైప్ డిటెక్షన్‌లో డూ నాట్ డిటెక్ట్ ఎంచుకుని ట్రాన్స్‌ఫామ్ డేటా నొక్కండి. మొదటి వరుసను హెడర్ చేయగానే కుడివైపు చేంజ్డ్ టైప్ అని ఒక స్టెప్ దానంతటదే చేరుతుంది. దాన్ని తప్పకుండా తీసేయండి, నంబర్లు మళ్లీ అక్కడే పోతాయి. తర్వాత ఊరి కాలమ్ మీద ఫిల్ డౌన్ (పైనున్న పేరే కింది ఖాళీల్లో నిండుతుంది). ఊరు, రైతు, ఖాతా, రేటు నాలుగూ ఎంచుకుని అన్‌పివట్ అదర్ కాలమ్స్. చివరగా తేదీ కాలమ్‌ను చేంజ్ టైప్‌లో యూజింగ్ లొకేల్ నొక్కి డేట్, ఇంగ్లిష్ ఇండియా. కిలోలను అంకెలు చేయండి. ఖాతా, రేటు అక్షరాలుగానే ఉండాలి.

ల్యాబ్‌లో పని, తిరుపతి (8:58)
మా జీవశాస్త్రంలోనూ ఇదే గోడు. ఎక్సెల్ జన్యువుల పేర్లను సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేస్తుంటే 2020లో ఆ పేర్లనే మార్చారు. ఎక్సెల్ 365లో ఈ మార్పిడిని ఆపే ఆప్షన్ 2023లో వచ్చింది.

కోడ్ రాసే తమ్ముడు (8:59)
ఆవిడది 2019.

ర్యాంపు లెక్కలు (9:21)
సార్, కొత్త ఫైల్లో ఖాతా నంబర్లు పూర్తిగా వచ్చాయి! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ ఫిల్ డౌన్ పనిచేయడం లేదు, ఊరు ఖాళీగానే ఉంది. కాయ తోలని రోజులకు కూడా వరుసలు వచ్చాయి.

ఆడిటర్ ఆఫీసు (9:25)
అది నేను చెప్పాల్సింది, మరిచాను. సీఎస్‌వీలో ఖాళీ గడి నల్ (అసలు విలువే లేనిది) కాదు, అక్షరాలేమీ లేని టెక్స్ట్‌గా వస్తుంది. ఫిల్ డౌన్ నల్‌నే నింపుతుంది, అన్‌పివట్ నల్‌నే వదిలేస్తుంది. ఫిల్ డౌన్‌కు ముందున్న స్టెప్ మీదకు వెళ్లి, కాలమ్‌లన్నీ ఎంచుకుని రీప్లేస్ వాల్యూస్ తెరవండి. మొదటి గడి ఖాళీగా వదిలి, రెండో గడిలో null అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. మధ్యలో స్టెప్ చేర్చనా అని అడిగితే ఇన్‌సర్ట్ అనండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు (9:30)
అమ్మా, దామలచెరువు రైతులు ఉంటే పాకాల మండలం తిరుపతి జిల్లా కింద వేయాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి అది చిత్తూరు జిల్లా కాదు.

ఎరువుల షాపు (9:34)
ఇదంతా ఫోన్‌లో ఎక్సెల్‌లో అవుతుందా సార్? నా దగ్గర కంప్యూటర్ లేదు.

ర్యాంపు లెక్కలు (9:52)
వచ్చేసింది. ఐదుగురు రైతులవి చీటీతో పోల్చాను, కిలోలు సరిపోయాయి. థాంక్స్ సార్. అన్నం తిని పాళ్యం, పాలెం సంగతి చూస్తాను మాస్టారూ.

ఎరువుల షాపు (10:15)
ఫోన్ సంగతి ఎవరైనా చెప్పండి.