స్లెడ్ కుక్కల కథ: చదువుతున్నారు కానీ, కారణం ఊహించలేకపోతున్నారు. ఏం చేయాలి?

టీచర్లకు నమస్కారం. కోనసీమ లంక పల్లె బడిలో ఆరో తరగతికి 1925 నాటి అలాస్కా కథ చదివిస్తున్నాం. నోమ్ ఊళ్లో డిఫ్తీరియా (కంఠసర్పి) జబ్బు. నెనానా నుంచి దాదాపు 1,085 కిలోమీటర్లు, స్లెడ్‌లు, అంటే మంచు మీద కుక్కలు లాగే బండ్లు, తోలేవాళ్లు 20 మంది చేతులు మార్చుకుంటూ మందు చేర్చారు.

కథలోని కొత్త మాటల సంగతి ఫర్వాలేదు. పిల్లల్ని తాడు పట్టించి జతలుగా నిలబెట్టాలి: ముందు లీడ్, వెనకే స్వింగ్, మధ్యలో టీమ్, బండి దగ్గర వీల్ కుక్కలు. "గీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి తిరగాలి. పూటకి ఐదు మాటలు మించితే కలగాపులగం అయిపోతుంది.

చిక్కంతా కారణాల దగ్గరే. ఆ తోలేవాళ్లలో ఒకడైన సెప్పాలా, టోగో అనే లీడ్ కుక్క ఉన్న తన జట్టుతో, గడ్డకట్టిన నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయ మీదుగా అడ్డదారిన వెళ్లాడు. "అందులో ప్రమాదమేంటి?" అంటే పేరాలోని వాక్యమే అప్పజెబుతారు. వాళ్లకి ఐసంటే రొయ్యల ట్రేల్లో పోసేదే. సముద్రం మీది మంచు గాలికి విరిగి, మనిషితో సహా కొట్టుకుపోతుందని ఎలా తడుతుంది?

ఆ సంగతి ముందే చెప్పేస్తే ఊహించడానికేం మిగలదు, చెప్పకపోతే కథే అందదు. చదివించే ముందు ఎంతవరకు చెప్పాలి? పేరా మధ్యలో ఎక్కడ ఆపి, ఏ ప్రశ్న వేయాలి? తరగతిలో చేసి చూసినవాళ్లు మీ ప్రశ్నలు యథాతథంగా రాయండి, దయచేసి.