నాలుగు రూపాయల నాచు షేరు: ఉంచాలా, అమ్మాలా?

వాసు, పెరంబూర్:

అందరికీ నమస్తే. పేరు రాస్తే పోస్టు తీసేస్తున్నారు కాబట్టి కంపెనీ పేరు రాయను. చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. మొన్నటిదాకా బట్టల వ్యాపారంలో ఉన్న బీఎస్‌ఈ కంపెనీ, పేరు మార్చుకుని ఇప్పుడు స్పైరులినా (తినే రకం నాచు) పొడి, నాచు నుంచి ఇంధనం అంటోంది. ముఖ విలువ రూపాయి. నా దగ్గర సగటున 2.90 చొప్పున 12,000 షేర్లు ఉన్నాయి. ఇవాళ 4.20. రోజూ అప్పర్ సర్క్యూటే, అంటే ఒక్క రోజులో పెరగనిచ్చే హద్దు దాకా వెళ్ళి ఆగుతోంది, అమ్మేవాడు కనపడటం లేదు.

ఈ షేరు చెప్పింది మా బావగారు. అంబత్తూరు ఎస్టేట్‌లో ఆయనకి చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది. నాకంటే పదింతలు పెట్టారు. ఇప్పుడు అక్క గాజులు కుదువ పెట్టి ఇంకాస్త కొందామని, నన్ను కూడా వెయ్యమని అంటున్నారు.

కంపెనీ చెప్పేది ఇదీ: తిరువళ్ళూరు జిల్లా ఊత్తుకోట వైపు ఆరెకరాల లీజు భూమి, ఏడాదికి 240 టన్నుల పొడి, గల్ఫ్ నుంచి ఆర్డరు. పోయిన సంవత్సరం ఆదాయం 41 కోట్లు. మధ్యలో కొందరికి 1.60 చొప్పున వారెంట్లు, అంటే తరవాత ఆ ధరకి షేర్లు తీసుకునే హక్కు, ఇచ్చారు.

బావగారికి "కొనొద్దు" అంటే సరిపోదు. లెక్క అడుగుతారు. లేత్ మీద మైక్రాన్లు చూసే మనిషి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రాకెట్ రవి, టి.నగర్:

అమ్మకండి బ్రో. ఆల్గే, అదే నాచు, అంటే రేపటి పెట్రోలు. నాలుగు రూపాయలకి టీ కూడా రాదు ఈ ఊళ్ళో. పోతే నాలుగు రూపాయలు, వస్తే నలభై. నాకు 1.85 నుంచి ఉన్నాయి. టార్గెట్ 11.

మూర్తి, మింట్ స్ట్రీట్:

వాసు గారూ, నాలుగు రూపాయలంటే చవక అనుకోకండి. మొత్తం షేర్లు ఎన్నో చూడండి. 90 కోట్లు. 4.20తో గుణిస్తే 378 కోట్లు. ఆరెకరాల లీజు ఉన్న కంపెనీకి మార్కెట్ వేసిన వెల అది.

షేర్‌హోల్డింగ్ పట్టికలో ఇంకో వరస కూడా చూడండి. ముఖ విలువ ప్రకారం రెండు లక్షల లోపు షేర్లున్న చిన్నవాళ్ళ వరస. ఏడాది క్రితం తొమ్మిది వేల మంది ఉంటే ఇప్పుడు అరవై వేలు దాటారు. అమ్మేవాడు కనపడటం లేదంటున్నారు కదా, మరి ఆ అరవై వేల మందికి ఎవరు అమ్మారు?

వారెంట్ల సంగతి. తీసుకునేటప్పుడు 25 శాతం కడితే చాలు, మిగతాది 18 నెలల్లోపు కట్టొచ్చు. అంటే 1.60 వారెంటుకి మొదట చేతినుంచి పోయేది 40 పైసలు. షేర్లు వచ్చాక లాక్-ఇన్, అంటే అమ్మకూడని గడువు, ఉంటుంది. ప్రమోటర్లు కానివాళ్ళకి ఏడాది ఉండేదాన్ని 2022లో ఆరు నెలలకి తగ్గించారు. అది ఎప్పుడు తీరుతుందో లిస్టింగ్ నోటీసులోనే ఉంటుంది. గల్ఫ్ ఆర్డరు వార్తలూ యూట్యూబ్ వీడియోలూ ఆ తేదీకి ముందు ఎన్ని వచ్చాయో పక్కన రాసుకోండి.

2023 మార్చిలో సాధనా బ్రాడ్‌కాస్ట్ షేరు మీద సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఆర్డరు దొరికితే చదవండి. యూట్యూబ్‌లో తప్పుడు వార్తలు వేయడం, చిన్నవాళ్ళు ఎగబడి కొనడం, ముందే కొనిపెట్టుకున్నవాళ్ళు అమ్ముకోవడం, అన్నీ వరసగా రాశారు. ఈ కంపెనీ అదే చేస్తోందని నేను అనడం లేదు. 240 టన్నుల సంగతి మాత్రం నాకు తెలియదు, అది ఎవరైనా నాచు తెలిసినవాళ్ళు చెప్పాలి.

లత, వేళచ్చేరి:

నాచు తెలిసినదాన్ని నేను ఉన్నాను. షేర్లలో నాకు ఎస్ఐపీ తప్ప ఇంకేమీ తెలియదు. మాది నెల్లూరు. పెళ్ళికి ముందు తమిళనాడులో దక్షిణాన ఒక స్పైరులినా ఫారంలో, క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేశాను. మీ బావగారికి లెక్క కావాలన్నారు, తీసుకోండి.

నాచు పంట లోతుని బట్టి రాదు, ఎండ తగిలే వైశాల్యాన్ని బట్టి వస్తుంది. అందుకే చెరువుల్లో నీళ్ళు 20, 30 సెంటీమీటర్లు మించి పెట్టరు. బాగా నడిచే చెరువులో చదరపు మీటరుకి రోజుకి 8 గ్రాముల ఎండు సరుకు వస్తే మా మేనేజర్ టీ ఇప్పించేవాడు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 8 గ్రాముల చొప్పున రోజుకి 32 కిలోలు. ఏడాదిలో 300 రోజులు తీశారనుకున్నా పది టన్నులకి కాస్త తక్కువే. అది కూడా మన ఈశాన్య రుతుపవనాలు లేనట్టు వేసిన లెక్క. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బు కమ్మి ఉంటుంది, వాన నీళ్ళు కలిసి చెరువు పల్చబడుతుంది. ఆ నెలల్లో మాకు ల్యాబ్‌లో పని సగమే ఉండేది.

సరే, ఆరెకరాలూ చెరువులే అనుకుందాం. అప్పటికీ 60 టన్నులు రావు. కానీ చెరువుల మధ్య దారులు కావాలి, వడకట్టే షెడ్డు, డ్రైయర్, నీళ్ళ ట్యాంకులు కావాలి. మూడున్నర ఎకరాలు నీళ్ళు నిలిస్తే గొప్ప. అంటే ఏడాదికి 35 టన్నుల లోపు. 240 ఎక్కడ, 35 ఎక్కడ?

తడి ముద్ద బరువు చెప్పారేమో అని కూడా చూశాను. పిండిన ముద్దలో ఎండు సరుకు ఇంచుమించు అయిదో వంతు. 35ని అయిదుతో గుణించినా 175 దగ్గర ఆగుతుంది. పైగా తడి ముద్దని గల్ఫ్‌కి పంపేదేం లేదు, బయట పెడితే కొన్ని గంటల్లో కంపు కొడుతుంది. అందుకే పొద్దున్నే తోడి, సన్నని గుడ్డ మీద వడకట్టి, ప్రెస్‌లో పిండి, జంతికల గొట్టం లాంటి దాంట్లో వేసి సన్నటి తీగల్లా ట్రేల మీద ఒత్తి వెంటనే ఆరబెడతారు. వేడి కాస్త ఎక్కువైతే అందులోని నీలం రంగు, ఫైకోసయనిన్, చెడిపోతుంది. పొడి పాలిపోయి వస్తుంది. కొనేవాడు డబ్బా మూత తీసి ఒక్క చూపు చూసి ధర తగ్గిస్తాడు. మా టెస్టు రిపోర్టు తరవాతే చదివేవాడు.

కంపెనీ నిజంగా పెంచుతోందా లేదా అన్నది ఖర్చుల నోట్‌లో తెలిసిపోతుంది. రెండు ఖర్చులు తప్పించుకోలేరు. ఒకటి సోడా, అంటే సోడియం బైకార్బొనేట్. స్పైరులినాకి పీహెచ్ 10 దాకా ఉన్న క్షారపు నీళ్ళు కావాలి. పుస్తకాల్లో ఉండే జరూక్ మీడియంలో, అంటే స్పైరులినా పెంచే నీళ్ళ ఫార్ములాలో, లీటరుకి 16.8 గ్రాముల సోడా. ఎకరం చెరువులో 20 సెంటీమీటర్ల నీళ్ళంటే ఎనిమిది లక్షల లీటర్లు, దానికి 13 టన్నుల పైన సోడా. సగానికి తగ్గించి వాడినా ఎకరానికి ఆరేడు టన్నులు పడుతుంది.

రెండోది కరెంటు. ప్యాడిల్ వీల్, అంటే చెరువు నీళ్ళని కదిపే చక్రం, పగలంతా తిరగాలి. ఆగితే నాచు పైకి తేలి ముద్ద కట్టి, ఎండకి మాడిపోతుంది. పంపులు, డ్రైయర్ ఖర్చు దీనికి అదనం. వార్షిక నివేదికలో "పవర్ అండ్ ఫ్యుయెల్" ఎంత చూపించారో చూసి ఇక్కడ రాయండి.

వాసు, పెరంబూర్:

లత గారూ, చాలా థ్యాంక్సండి. నివేదిక తీశాను. పవర్ అండ్ ఫ్యుయెల్ ఏడాది మొత్తానికి 3.1 లక్షలు. మా బావగారి వర్క్‌షాప్ కరెంటు బిల్లే అంతకంటే ఎక్కువ! సోడా అని విడిగా ఎక్కడా లేదు, "కన్స్యూమబుల్స్" అని ఒక్క ముక్కలో 2 లక్షలు చూపించారు.

ఇంకోటి. 41 కోట్ల ఆదాయంలో 39 కోట్లు "ట్రేడింగ్ ఆఫ్ అగ్రి ప్రొడక్ట్స్". రావలసిన బాకీలు 37 కోట్లు. పన్ను దాదాపు సున్నా, వ్యవసాయ ఆదాయం అని నోట్ రాశారు. మూర్తి గారూ, దీన్ని ఎలా చూడాలి?

మూర్తి, మింట్ స్ట్రీట్:

అమ్మినదాంట్లో పదింట తొమ్మిది వంతుల డబ్బు ఇంకా చేతికి రాలేదు. క్యాష్ ఫ్లో పేజీ చూస్తే ఆపరేషన్స్ నుంచి వచ్చింది మైనస్‌లో ఉండి ఉంటుంది. నేనైతే లాభం ఉందన్న కంపెనీ పన్ను కట్టిందా అని మొదట చూస్తాను. కాగితం మీద లాభం ఎంతైనా రాయొచ్చు, పన్ను మాత్రం నిజం డబ్బుతోనే కట్టాలి. ఇక్కడ ఆ దారి కూడా మూసేశారు.

రాకెట్ రవి, టి.నగర్:

మీరంతా పొడి దగ్గరే ఆగిపోయారు. పొడి చిల్లర బిజినెస్. అసలు కథ ఇంధనం. ఎక్సాన్ మొబిల్ 2009లోనే నాచు మీద 60 కోట్ల డాలర్లు ప్రకటించింది. రిలయన్స్ జామ్‌నగర్ దగ్గర ప్లాంటు పెట్టి చూసింది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ బయోటెక్నాలజీ తయారీ కోసం బయోఈ3 పాలసీ పాస్ చేసింది. వీళ్ళందరూ పిచ్చివాళ్ళా? 35 టన్నులు, సోడా మూటలు అంటూ కూర్చుంటే ఇన్ఫోసిస్ కూడా కొనేవాళ్ళం కాదు.

లత, వేళచ్చేరి:

రవి గారూ, ఎక్సాన్ కథలో మిగతా సగం కూడా చెప్పాలి కదండీ. 2023 వచ్చేసరికి వాళ్ళు నాచు ఇంధనానికి డబ్బు ఆపేశారు. అమెరికాలో సోలజైమ్ అని ఒక కంపెనీ 2011లో 18 డాలర్లకి ఐపీఓకి వచ్చింది. తరవాత ఇంధనం పక్కన పెట్టి తిండి నూనెలకి మారింది, పేరు టెర్రావియా అని మార్చుకుంది, 2017లో దివాలా తీసింది. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా ఇదే పని చేసి ఆపేసింది, పెట్రోలు ధరతో పోటీ పడలేమని.

ఎందుకంటే చెరువులో లీటరు నీళ్ళకి ఎండు నాచు గ్రాము ఉంటే ఎక్కువ. కిలో కోసం వెయ్యి లీటర్లు వడకట్టాలి, ఆరబెట్టాలి, తరవాత నూనె తీయాలి. పైగా మీ కంపెనీ పెంచుతానన్నది స్పైరులినా. దాంట్లో ప్రోటీను 60 శాతం దాకా ఉంటుంది కానీ కొవ్వు పది శాతం కూడా ఉండదు. కిలో వందల్లో పలికే పొడిని డీజిల్ చేసి లీటరు వందకి అమ్ముతామంటే ఆ లెక్క ఏమిటో వాళ్ళే చెప్పాలి. స్పైరులినా, ఇంధనం రెండూ ఒకే ప్రెస్ రిలీజులో కనపడిన రోజే నాకు నవ్వొచ్చింది.

నాచు మోసం అనడం లేదు. మన తరమణిలోనే మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం వాళ్ళు 1980ల్లోనే పల్లెల్లో స్పైరులినా పెంచే పని నేర్పారు. పుదుక్కోట్టై జిల్లాలో ప్యారీ వాళ్ళ ఫారం పేరున్న ఫారం. కానీ ప్యారీ షేరు కొంటే మీరు కొనేది ముఖ్యంగా చక్కెర, ఎరువుల వ్యాపారాన్ని. నాచు అందులో చిన్న ముక్క. ఈ వ్యాపారం సైజు అంత.

రాకెట్ రవి, టి.నగర్:

ఎవరి రిస్క్ వాళ్ళది మేడమ్. నా టార్గెట్ మారదు.

వాసు, పెరంబూర్:

అప్‌డేట్. నిన్న ఆదివారం బావగారూ నేనూ బండి మీద ఊత్తుకోట వెళ్ళొచ్చాం. లత గారి లెక్క చూపించాక "చూడందే నమ్మను" అన్నారు, అందుకని. కంపెనీ బోర్డు కొత్తది, పెద్దది. గేటుకి తాళం. వాచ్‌మన్ సత్యవేడు వైపు మనిషి, తెలుగే మాట్లాడాడు. లోపలికి పంపలేదు కానీ గేటు సందులోంచి చూడనిచ్చాడు.

సిమెంటు తొట్లు నాలుగు ఉన్నాయి, పొడవాటివి. మూడు ఎండిపోయి అడుగున ఆకులు పడి ఉన్నాయి. ఒక్కదాంట్లో ఆకుపచ్చ నీళ్ళు. ప్యాడిల్ వీల్ షాఫ్టు వైపు బావగారు రెండు నిమిషాలు అలాగే చూసి, "బేరింగు హౌసింగు దగ్గర తుప్పు చూశావా, తిరిగే షాఫ్టు అక్కడ మెరవాలి. ఇది తిరిగి నెలలైంది" అన్నారు. డ్రైయర్ షెడ్డు అన్నది రేకుల షెడ్డు, లోపల ట్రాక్టరు పెట్టారు. సరుకు ఎప్పుడు వెళ్తుందని వాచ్‌మన్‌ని అడిగితే, ఫోటోలు తీసేవాళ్ళు వచ్చినప్పుడు హడావిడి ఉంటుంది సార్ అన్నాడు.

ఇక అమ్మేస్తారనుకున్నాను. పెరియపాళయం దగ్గర టీ తాగుతూ ఏమన్నారో తెలుసా? "నాచు లేకపోతే పోనీరా, షేరు పెరుగుతోంది కదా. అయిదు దాకా ఆగుదాం." అక్కకి ఇంకా చెప్పలేదు.

మూర్తి, మింట్ స్ట్రీట్:

మీ బావగారి మాటే ఈ షేరులో ఉన్న చాలామంది మాట. ఒక్క విషయం ఆయనకి చెప్పండి. ఇది టి గ్రూపులో ఉంది, ఇంట్రాడే (కొన్న రోజే అమ్మడం) లేదు, కొన్నది డెలివరీ తీసుకోవాల్సిందే. ఇప్పుడు అప్పర్ సర్క్యూట్‌లో కొనేవాళ్ళ క్యూ ఉంది కాబట్టి మీరు అమ్మిన మరుక్షణం వెళ్ళిపోతాయి. తిరగబడిన రోజు ఇదే తలకిందులవుతుంది. లోయర్ సర్క్యూట్‌లో అమ్మేవాళ్ళ క్యూలో మీ ఆర్డరు లక్షల షేర్ల వెనక ఉంటుంది, కొనేవాడు ఉండడు. మర్నాడు ఇంకో అయిదు శాతం కింద మళ్ళీ అదే క్యూ. 4.20 అని స్క్రీన్ మీద కనపడుతుంది, చేతికి రాదు. ఆయన దగ్గర లక్షకి పైగా షేర్లు అంటున్నారు, అవి ఒక్క పొద్దున పోయేది కొనేవాళ్ళు ఉన్నప్పుడే. అక్క గాజులు మాత్రం బీరువాలోంచి బయటికి రానివ్వకండి.

వాసు, పెరంబూర్:

నావి ఈ పొద్దున 4.41కి మొత్తం వెళ్ళిపోయాయి. బావగారు సగం అమ్మారు. మిగతా సగం "ఏజీఎం (షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశం) అయ్యాక" అంటున్నారు. ఏజీఎం వీడియోలోనే. స్పీకర్‌గా రిజిస్టర్ చేసుకుంటే మాట్లాడనిస్తారట. మెయిల్ ఆయన పేరు మీద నేనే రాస్తున్నాను. ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్నే అంటున్నారు. లత గారూ, సోడా అడగమంటారా, కరెంటు అడగమంటారా?

లత, వేళచ్చేరి:

సోడానే అడగమనండి. కరెంటంటే సోలార్ పెట్టామనో, లీజు ఇచ్చినవాళ్ళే కడుతున్నారనో ఏదో ఒకటి చెప్పేస్తారు. పోయిన ఏడాది సోడియం బైకార్బొనేట్ ఎన్ని టన్నులు కొన్నారు, బిల్లులు కంపెనీ పేరు మీదే ఉన్నాయా అని అడగమనండి. టన్నులనే అడగాలి, "ఎంత" అంటే రూపాయల్లో ఏదో అంకె చెప్పి వదిలేస్తారు. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.